ఆఫ్రికన్ సిక్లిడ్‌ల కొట్లాట: నాలుగడుగుల ట్యాంక్‌లో మలావీ చేపల్ని అదుపులో పెట్టే పద్ధతి

అక్వేరియం షాపుల్లో ‘అసార్టెడ్ ఆఫ్రికన్’, అంటే సిక్లిడ్ అనే చేపల కుటుంబంలోని ఆఫ్రికా జాతులు కలగలిపినవి, అని రాసిన తొట్టి ఒకటి తప్పకుండా ఉంటుంది. పసుపు, నీలం, నారింజ, చారలవి, మచ్చలవి, అన్నీ కలిపి ఒకటిన్నర అంగుళం పిల్లలు గుంపుగా తిరుగుతుంటాయి. ఒకదాన్నొకటి పట్టించుకోవు. పది తెచ్చి ఇంట్లో వేసుకుంటే కొన్ని నెలలు హాయిగానే ఉంటుంది. ఆ తర్వాత వాటిలో ఒకటి ముదురు రంగు తిరుగుతుంది. ఒక రాయి కింద ఇసుక తోడుకుంటుంది. మిగతా తొమ్మిదింటినీ తరమడం మొదలెడుతుంది. వారం తిరిగేసరికి తోకలు చిరిగి ఉంటాయి, ఒకటి హీటర్ వెనక నక్కి ఉంటుంది, ఇంకొకటి చచ్చి తేలుతుంది. నిన్నటిదాకా బాగానే ఉన్నాయి కదా, ఇప్పుడేమైందని అందరూ అడుగుతారు. ఏమీ కాలేదు, చేప ఈడుకొచ్చింది అంతే.

మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే మలావీ సరస్సు చేపలను, అందులోనూ ‘ఎంబూనా’ అనే రాళ్ల చేపలను దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శి రాస్తున్నాను. ట్యాంక్ నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, ఒకటిన్నర అడుగు ఎత్తు అనుకుందాం. అంటే నిండా నింపితే దాదాపు 255 లీటర్లు. ఫ్లవర్‌హార్న్, ఆస్కార్, కన్విక్ట్ లాంటి అమెరికా సిక్లిడ్‌ల లెక్క వేరు. వాటి గురించి చివర్లో కొంచెం చెప్తాను.

ముందు అవి ఎందుకు కొట్టుకుంటాయో తెలియాలి

మలావీ సరస్సు ఆఫ్రికాలో మలావీ, మొజాంబిక్, టాంజానియా దేశాల మధ్య దాదాపు 580 కిలోమీటర్ల పొడవున ఉంది. ఒడ్డున పెద్ద పెద్ద బండరాళ్లు నీళ్లలోకి దిగి ఉంటాయి. ఆ రాళ్ల మీద పెరిగే నాచు, అందులో ఉండే చిన్న పురుగులే ఎంబూనాల తిండి. రాళ్ల సందులే వాటి ఇల్లు. మగ చేప ఒక సందును తనదిగా చేసుకుని, ఆడ చేపలను అక్కడికి పిలుస్తుంది, ఇంకో మగ చేప వస్తే తరిమేస్తుంది. దాని ఎదుగుదల, సంతానం అన్నీ ఆ చోటును నిలబెట్టుకోవడం మీదే ఆధారపడి ఉంటాయి. మనం కోపం అనుకునేది దానికి బతుకుతెరువు.

సరస్సులో ఈ కొట్లాటల్లో చావులు అరుదు. ఓడిన చేప కాస్త దూరం పారిపోతే చాలు, గెలిచిన చేప తన హద్దు దాకా తరిమి వెనక్కి వచ్చేస్తుంది. ట్యాంక్‌లో ఆ ‘కాస్త దూరం’ లేదు. ఓడిన చేప ఎటు పోయినా గెలిచినదాని కంటికి కనిపిస్తూనే ఉంటుంది. దాని దృష్టిలో శత్రువు ఇంకా హద్దు లోపలే ఉన్నట్టు. అందుకే మళ్లీ మళ్లీ కొడుతుంది. కాబట్టి మనం చేయాల్సిన పని చేప స్వభావం మార్చడం కాదు, అది మారదు కూడా. మొదలైన ప్రతి కొట్లాటా ఎక్కడో ఒకచోట ముగిసేలా ఏర్పాటు చేయడమే మన పని. కింద చెప్పే అడుగులన్నీ దానికోసమే.

మొదటి అడుగు: ట్యాంక్‌ను చదవడం

ఏదీ మార్చకముందు, మేత వేసి అరగంట గడిచాక, ట్యాంక్‌కు నాలుగైదు అడుగుల దూరంలో కూర్చోండి. దగ్గరకెళ్తే చేపలు మేత కోసం గ్లాసు దగ్గర చేరతాయి, అసలు సంగతి కనిపించదు. ఓ ఇరవై నిమిషాలు చూస్తే ఎవరు ఎవరిని తరుముతున్నారో తెలిసిపోతుంది.

రెండు చేపలు పక్కపక్కన నిలబడి రెక్కలన్నీ విప్పి ఒళ్లు వణికించడం, మొప్పలు ఉబ్బించడం, తోకతో నీళ్లు కొట్టడం, ఇవన్నీ బెదిరింపులు. మూతులు కరుచుకుని కాసేపు ఇటూ అటూ లాక్కోవడం కూడా చూసేవాళ్లకు టెన్షన్ గానీ, సమ ఉజ్జీల మధ్య మామూలే. ఎవరు బలవంతులో తేలాక విడిపోతాయి. తరమడం, రెండు మూడు సెకన్లలో ఆగిపోవడం, తరిమేది ఒక్కోసారి ఒక్కోదాన్ని తరమడం ఉంటే ఆ ట్యాంక్ ఆరోగ్యంగా ఉన్నట్టే. ఎంబూనా ట్యాంక్‌లో అసలు తరమడమే లేదంటే నేను నీళ్లు పరీక్షిస్తాను.

ప్రమాదం వేరేలా కనిపిస్తుంది. ఒకే చేపను పదేపదే తరుముతుంటే, ఆ చేప పై మూలలో, నీటి మట్టానికి దగ్గరగా తల పైకెత్తి కదలకుండా ఉంటే, రెక్కలు ముడుచుకుని రంగు వెలిసిపోతే, మేతకు కూడా కిందికి రాకపోతే అది ఓడిపోయింది, తప్పించుకునే దారి లేదు అని అర్థం. ఇలాంటి చేప రెండు మూడు రోజుల్లో పోవచ్చు. గాయాల వల్లే పోవాలని లేదు. భయంతో తిండి మానేసి, తెల్లటి దారాల్లాంటి మలం వేస్తూ, పొట్ట ఉబ్బి చచ్చిపోయేవి చాలా ఉంటాయి. దీన్నే ‘మలావీ బ్లోట్’ అంటారు. దెబ్బలు కనిపించలేదు కాబట్టి రోగం అనుకుని మందులు పోస్తారు గానీ, అసలు కారణం పక్కనే తిరుగుతుంటుంది.

రెండో అడుగు: చేపల ఎంపిక

కొట్లాటల్లో సగానికి పైగా షాపులోనే నిర్ణయమైపోతాయని నా అభిప్రాయం. రాళ్లు ఎన్ని పేర్చినా తప్పు చేప తప్పు చేపే.

నాలుగడుగుల ట్యాంక్‌లో పెట్టకూడనివి ముందు చెప్తాను. ఆరాటస్, చిపోకే, కెన్యీ, బంబుల్‌బీ అని అమ్మే క్రాబ్రో. ఆరాటస్ పిల్లలు పసుపు మీద నల్ల చారలతో ఎంత ముద్దుగా ఉంటాయంటే ‘అసార్టెడ్’ తొట్టిలో ముందు అమ్ముడుపోయేవి అవే. పెరిగాక మగది ముదురు గోధుమ, నలుపు రంగుకు మారి ట్యాంక్ మొత్తాన్నీ తనదనుకుంటుంది. ఆడవి కూడా తక్కువేం కాదు. కెన్యీలో ఇంకో తిరకాసు ఉంది. పిల్లలప్పుడు, ఆడవైనప్పుడు నీలంగా ఉంటాయి, మగవి పెరిగాక పసుపు రంగుకు వస్తాయి. నీలం చేప కొన్నామనుకున్నవాళ్లకు ఏడాది లోపు పసుపు దాదా తయారవుతుంది.

నెమ్మదైనవి కూడా ఉన్నాయి. ఎలక్ట్రిక్ ఎల్లో అనే ఎల్లో ల్యాబ్, ఊదా గోధుమ రంగుల్లో ఉండే రస్టీ, పసుపు తోక ఉన్న ఏసీ, లేత నీలం సోకోలోఫీ. వీటిలో ఏసీ ప్రత్యేకంగా పనికొస్తుంది. సరస్సులో అది నీట మునిగిన దుంగల దగ్గర తిరిగే చేప. ట్యాంక్‌లో కూడా రాళ్ల కోసం అంతగా ఎగబడకుండా మధ్య నీళ్లలో, పై నీళ్లలో గుంపుగా ఈదుతుంది. అందరూ కింద రాళ్లకోసం కొట్టుకునే చోట కొందరు పై అంతస్తులో ఉండటం మనకు లాభం.

ఇంకో సూత్రం ముఖ్యం. మగ చేప తనలాంటి చేపనే పోటీగా చూస్తుంది. తన రంగు, తన చారలు, తన ఆకారం ఉన్నదాన్ని ఎక్కువ కొడుతుంది. కాబట్టి నిలువు చారల నీలం జాతులు రెండు కలిపి పెట్టకండి. ఒక పసుపు, ఒక గోధుమ, ఒక ఊదా, ఒక లేత నీలం, ఇలా చూడగానే తేడా తెలిసేవి తీసుకోండి. పైగా దగ్గరి జాతులు కలిసి సంకర పిల్లల్ని కంటాయి. ‘అసార్టెడ్’ తొట్టిలో ఇప్పటికే అలాంటివి బోలెడు ఉంటాయి. జాతి పేరు చెప్పలేని చేప ఎలా ప్రవర్తిస్తుందో ఎవరూ చెప్పలేరు. ఒక్కో జాతి విడివిడిగా పెట్టి పేరుతో అమ్మే షాపు కాస్త దూరమైనా అక్కడే కొనండి. చెన్నై కొళత్తూరు పెంపకందారుల నుంచి చేపలు తెప్పించే షాపులను అడిగితే ఒకే జాతి పిల్లలను ఎనిమిది, పది కలిపి తెప్పిస్తారు.

పీకాక్ చేపలను, అంటే ఆలోనోకారాలను, ఎంబూనాలతో కలపడం మన దగ్గర మామూలైపోయింది. రెండూ మలావీవే. కానీ పీకాక్‌లు నెమ్మదైనవి, ఇసుకలో పురుగులు వెతుక్కునేవి. ఎంబూనాల మధ్య వాటి రంగు విప్పుకోదు. పీకాక్‌లు కావాలంటే వాటికి వేరే ట్యాంక్ పెట్టండి. అందులో ఆడవి లేకుండా అన్నీ వేర్వేరు రంగుల మగవే పెట్టినా నడుస్తుంది, ఎందుకంటే పోటీపడటానికి కారణం సగం తగ్గిపోతుంది.

మూడో అడుగు: ఎన్ని, ఏ నిష్పత్తిలో

కొత్తవాళ్లకు ఇది వింతగా అనిపిస్తుంది. ఎంబూనాలను తక్కువ పెడితే కొట్లాట ఎక్కువవుతుంది. నాలుగు చేపలున్న ట్యాంక్‌లో దాదా దెబ్బలన్నీ ముగ్గురి మీదే పడతాయి. పదహారు ఉంటే, ఒకదాన్ని తరుముతుండగా ఇంకొకటి హద్దులోకి వస్తుంది. దాన్ని తరిమేలోపు మొదటిది తప్పించుకుంటుంది. తరమడం ఆగదు, కానీ ఏ ఒక్కదాని ప్రాణం మీదికీ రాదు.

మన ట్యాంక్‌కు మూడు లేదా నాలుగు జాతులు, ఒక్కో జాతిలో ఒక మగది, మూడు నాలుగు ఆడవి, మొత్తం 15 నుంచి 18 చేపలు బాగా సరిపోతాయి. ఒక మగ చేపకు ఒకే ఆడ చేప ఉంటే ఆ ఆడది బతకదు. మగది రోజంతా దాని వెంట పడుతుంది. డెమాసోనీ అనే చిన్న నీలం చేప విషయంలో మాత్రం లెక్క ఇంకా ఎక్కువ. పెడితే పన్నెండుకు తగ్గకుండా పెట్టాలి, లేదా ఒక్కటే పెట్టాలి. ఐదో ఆరో పెడితే ఒకదాన్నొకటి చంపుకుని చివరికి ఒక్కటే మిగులుతుంది.

పిల్లలప్పుడు ఆడా మగా తెలియవు. కాబట్టి ఒక్కో జాతి ఏడెనిమిది పిల్లలు కొని పెంచండి. మగవి రంగు తిరుగుతున్న కొద్దీ ఎక్కువైనవి తీసి షాపుకు తిరిగి ఇవ్వండి. చాలా షాపులు పెరిగిన మగ చేపను తీసుకుని మేతో, మరో చేపో ఇస్తాయి. పొట్ట కింద వెనక రెక్క మీద గుండ్రటి పసుపు చుక్కలు ఉంటే మగది అంటారు గానీ, ఆడవాటికి కూడా అవి ఉంటాయి, నమ్మకండి. తడి చేత్తో చేపను వెల్లకిలా తిప్పి చూస్తే రెండు రంధ్రాలు కనిపిస్తాయి. రెండూ ఒకే సైజులో ఉంటే మగది, వెనక రెక్క వైపున్నది పెద్దగా ఉంటే ఆడది. రెండున్నర అంగుళాలు దాటాకే ఇది పనిచేస్తుంది.

ఇన్ని చేపలు పెట్టినందుకు ఒక మూల్యం ఉంది, అది ఫిల్టర్. గంటకు ట్యాంక్ నీళ్లను కనీసం ఎనిమిది పది సార్లు తిప్పగలగాలి. అంటే గంటకు 2000 నుంచి 2500 లీటర్లు. ఒక పెద్దది కాకుండా రెండు మధ్య సైజువి పెడితే ఒకటి ఆగినా ఇంకొకటి నడుస్తుంది. వారానికోసారి 30 నుంచి 40 శాతం నీళ్లు మార్చాలి. చేపల వ్యర్థాల వల్ల నీళ్లలో చేరే విషాలు, అంటే అమ్మోనియా, నైట్రైట్, సున్నా ఉండాలి. ఈ ఖర్చూ ఓపికా లేకపోతే ఎంబూనాల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

నాలుగో అడుగు: రాళ్లు పేర్చడం

ట్యాంక్ ఎంత ఎత్తుందో చేపకు పట్టదు. నేల ఎంత పొడవుందన్నదే ముఖ్యం. అందుకే పొడుగాటి ట్యాంక్ కొనమంటాం.

రాళ్లను ట్యాంక్ మధ్యలో ఒకే గుట్టగా పోయడం అన్నిచోట్లా కనిపించే తప్పు. ఆ గుట్టను ఒకే దాదా ఆక్రమిస్తాడు, మిగతావాళ్లు రోడ్డు మీద పడతారు. ఎడమ చివర ఒకటి, కుడి చివర ఒకటి, మధ్యలో కాస్త వెనక్కి ఒకటి, ఇలా మూడు గుట్టలు చేసి వాటి మధ్య ఇసుక కనిపించేలా ఖాళీ వదలండి. ఒక గుట్ట దగ్గర ఉన్న చేపకు ఇంకో గుట్ట వెనక ఉన్నది కనిపించకూడదు. పేర్చాక చేప కంటి ఎత్తుకు వంగి, ఒక చివరి నుంచి ఇంకో చివరికి చూడండి. అడ్డం లేకుండా కనిపిస్తే ఇంకో రాయి నిలబెట్టండి. గుట్టలు ట్యాంక్ ఎత్తులో మూడింట రెండొంతుల దాకా వెళ్తే పైన కూడా హద్దులు ఏర్పడతాయి. ప్రతి సందుకూ రెండు దారులుండాలి. ఒకే దారి ఉన్న గుహలో దూరిన చేపను దాదా గుమ్మంలో నిలబడి బందీ చేస్తాడు.

రాళ్ల విషయంలో మన ప్రాంతానికి అదృష్టం ఉంది. కడప బండ, తాండూరు బండ సున్నపురాయి జాతివి. గట్టి నీళ్లు (ఖనిజాలు ఎక్కువున్నవి), 7.8 నుంచి 8.6 మధ్య పీహెచ్ కావాల్సిన మలావీ చేపలకు అవి సరిగ్గా సరిపోతాయి. ఫ్లోరింగ్ దుకాణాల దగ్గర పగిలిన ముక్కలు దాదాపు ఉచితంగానే దొరుకుతాయి. పాలిష్ పెట్టని ముక్కలు తీసుకుని, పదునైన అంచులు అరగదీసి, బాగా కడగండి. గ్రానైట్ కూడా వాడొచ్చు, అది నీటిని ఏమీ చేయదు. సున్నపురాయో కాదో తెలియాలంటే రాతి మీద మేకుతో గీకి, ఆ పొడి మీద వెనిగర్ చుక్క వేయండి, బుడగలు వస్తే సున్నపురాయే. హైదరాబాద్‌లో చాలా చోట్ల బోరు నీళ్లే గట్టిగా ఉంటాయి కాబట్టి మెత్తటి నీళ్లు కావాల్సిన డిస్కస్ చేపలు పెంచేవాళ్లలా ఆర్‌ఓ నీళ్ల కోసం పాట్లు పడక్కర్లేదు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ తీసే మందు తప్పనిసరి.

ముందు రాళ్లు, ఆ తర్వాతే ఇసుక. ఇసుక మీద రాళ్లు పెడితే చేపలు కింద తోడేస్తాయి, గుట్ట కూలి అడుగు గ్లాసు పగులుతుంది. గ్లాసు మీద పల్చటి ఫోమ్ షీట్ పరిచి, దాని మీద పెద్ద రాళ్లు కదలకుండా పెట్టి, పై రాళ్లను అవసరమైతే అక్వేరియం సిలికాన్‌తో అతికించండి. నీళ్లు, రాళ్లు, గ్లాసు కలిపి బరువు 300 కిలోలు దాటుతుంది, స్టాండ్ ఆ లెక్కన చేయించుకోండి.

ఐదో అడుగు: వేడి, మేత, వెలుతురు

వేడి పెరిగే కొద్దీ చేపల ఒంట్లో చురుకు పెరుగుతుంది, తరమడమూ పెరుగుతుంది. అదే సమయంలో నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్లల్లో సిక్లిడ్ ట్యాంకులు అల్లకల్లోలం అవడానికి ఇదొక కారణం. 24 నుంచి 26 డిగ్రీలు మంచిది. ఎండాకాలంలో హీటర్ తీసేసి, పైమూత తెరిచి జాలీ వేసి, నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన నీటిని ఎప్పటికప్పుడు నింపుకోవాలి. చేపలు ఎక్కువున్న ట్యాంక్‌కు కరెంటు పోతే గంటల్లోనే ఊపిరాడదు. ఎయిర్ పంప్‌కు ఐదారు వాట్లు చాలు, దాన్ని ఇన్వర్టర్ లైన్‌లో పెట్టేయండి.

మేత రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత. స్పైరులినా అనే నాచు ఎక్కువున్న పెల్లెట్లు వాడండి. ఎంబూనాలు నాచు తినేవి, వాటి పేగులు పొడుగ్గా ఉంటాయి. ఎర్రపురుగులు, మాంసం పెడితే బ్లోట్‌ను పిలిచినట్టే. మేతను ఒకేచోట వేయకుండా రెండు చివర్లా ఒకేసారి వేస్తే దాదా రెండు చోట్లా ఉండలేదు. లైటు రోజుకు ఎనిమిది గంటలు చాలు.

ఆరో అడుగు: కొత్త చేపను వేయడం

కొత్త చేపను ఒంటరిగా వేయకండి. కనీసం మూడు నాలుగు కలిపి, ఉన్నవాటితో సమానమైన సైజువి వేయండి. వేసే ముందు రెండు వారాలైనా వేరే తొట్టిలో పెట్టి రోగాలు లేవని చూసుకోవాలి. వేసే రోజు సాయంత్రం రాళ్లన్నీ కదిపి గుట్టల ఆకారం మార్చేయండి. పాత హద్దులు చెరిగిపోతే పాతవి కూడా కొత్త చేపలతో పాటు ఇల్లు వెతుక్కోవాల్సి వస్తుంది. పాతవాటికి ఒక చివర మేత వేసి, ఇంకో చివర కొత్తవి వదిలి, లైటు ఆర్పేయండి. మర్నాడు ఉదయం లైటు వేయకముందే ఒకసారి చూడండి. కొత్త ట్యాంక్ మొదలుపెడుతుంటే నెమ్మదైన జాతుల్ని ముందు, దుడుకైనవాటిని చివర వేయండి.

ఏడో అడుగు: కొట్లాట ముదిరినప్పుడు

దెబ్బలు తిన్న చేపను తీసేయాలనే మనకు ముందు అనిపిస్తుంది. గాయం లోతుగా ఉంటే తీయాల్సిందే. వేరే తొట్టిలో శుభ్రమైన నీళ్లు, లీటరుకు ఒక గ్రాము చొప్పున అయోడిన్ లేని ఉప్పు, ఎయిర్, దాక్కోవడానికి ఒక పైపు ముక్క పెడితే చాలా గాయాలు మానిపోతాయి. కానీ అంతటితో ఆగితే దాదా రేపు ఇంకొకరిని ఎంచుకుంటాడు. అసలు తీయాల్సింది దాదానే. జల్లెడలాంటి బుట్టలోనో, ట్యాంక్‌కు అడ్డంగా పెట్టిన జాలీ వెనకో, వేరే తొట్టిలోనో వారం పది రోజులు ఉంచండి. ఈలోపు మిగతావాటి మధ్య కొత్త వరస ఏర్పడుతుంది. రాళ్లు మార్చి, రాత్రిపూట దాన్ని తిరిగి వదిలితే కొత్తగా వచ్చిన చేపలా కాస్త ఒదిగి ఉంటుంది.

అయితే దాదాను తీసిన రోజే రెండో మగవాడిని గమనించండి. టాంగన్యికా సరస్సుకు చెందిన ‘బర్టోనై’ అనే సిక్లిడ్ మీద స్టాన్‌ఫర్డ్‌లో రసెల్ ఫెర్నాల్డ్ బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. పెత్తనం చేసే మగ చేపను తీసేస్తే కింద అణిగి ఉన్న మగది నిమిషాల్లోనే రంగు తెచ్చుకుని ఆ స్థానంలోకి వస్తుందని అందులో తేలింది. ఈ చేపలు పక్కవాళ్ల కొట్లాటలను చూసి ఎవరికన్నా ఎవరు బలవంతులో లెక్క కట్టుకుంటాయని 2007లో అదే బృందం చూపించింది. ఒకచోట ఓడిన చేపను అందరూ కలిసి వేధించడం మీరూ చూసే ఉంటారు. కాబట్టి కొన్నిసార్లు దాదా పోతే వచ్చే రెండోవాడు ఇంకా దుర్మార్గంగా ఉండొచ్చు. అలాగైతే పాతవాడిని తిరిగి వేయడమే మేలు.

గుడ్లు పెట్టాక లెక్క మారుతుంది. ఎంబూనా ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని దాదాపు మూడు వారాలు తిండి మానేస్తుంది. గడ్డం కింద ఉబ్బి, నోరు గట్టిగా మూసుకుని, మేతకు రాకుండా ఉంటే అదే. తరుముతున్నారనిపిస్తే నెమ్మదిగా వేరే తొట్టికి మార్చండి. ఎక్కువ రోజులు ఉంచితే తిరిగి వచ్చాక దాని స్థానం పోతుంది.

అమెరికా సిక్లిడ్‌ల సంగతి

కన్విక్ట్, జాక్ డెంప్సీ లాంటివి జతకట్టి, ఇద్దరూ కలిసి పిల్లలను కాపలా కాస్తాయి. అప్పుడు ట్యాంక్‌లో సగం వాటిదే. గుంపు పెంచి దెబ్బలు పంచే కిటుకు వీటికి పనిచేయదు. జతకు వేరే ట్యాంక్ ఇవ్వడం ఒక్కటే దారి. ఫ్లవర్‌హార్న్ 1990లలో మలేషియాలో తయారుచేసిన సంకరం. అదృష్టం తెస్తుందని హాల్లో పెట్టుకుంటారు, పెట్టుకోండి, కానీ ఒక్కదాన్నే పెట్టండి. జత కోసం ఇంకొకటి తెచ్చి మధ్యలో గ్లాసు తీసేసిన రోజు చాలా ఇళ్లల్లో ఒకటి చనిపోతుంది. బ్లడ్ ప్యారట్ కూడా సంకరమే. దాని నోరు సరిగా మూసుకోదు, ఎదురు కరవలేదు. దాన్ని ఎంబూనాలతో వేయకండి.

ఇవన్నీ చేశాక కూడా మాట వినని చేప ఒకటి ఉంటుంది. రెండుసార్లు వేరుచేసి, రాళ్లు మార్చి, వేసినా మళ్లీ అదే చేస్తే మూడోసారి ప్రయత్నించకండి. మూడడుగుల ట్యాంక్‌లో ఒంటరిగా పెట్టుకోండి, లేదా పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్లకో షాపుకో ఇచ్చేయండి. చెరువులోనో కాలువలోనో మాత్రం వదలొద్దు. సిక్లిడ్ కుటుంబానికే చెందిన తిలాపియాను 1952లో మన దేశానికి తెచ్చారు. అది ఇప్పుడు ఎన్ని చెరువుల్లో దేశవాళీ చేపల చోటు ఆక్రమించిందో వల వేసేవాళ్లను అడిగితే చెప్తారు.